కుంటిగొర్రెకు మొదటి గుక్క

చలికాలం ఆదివారం పూట తెల్లవారకముందే ఎవరైనా నన్ను నిద్ర లేపితే వాళ్ళ మీద నాకు వచ్చే కోపం ఇంతా అంతా కాదు. ఆ కోపాన్ని ఏళ్ళ తరబడి నవ్వుతూ భరించినవాడు మా బావ. మా అక్క భర్త. గిద్దలూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. ధనుర్మాసం పాటలు గుడి మైకులో మొదలయ్యే వేళకు మా గేటు ముందు సైకిల్ బెల్లు మోగేది. నేను ముసుగు తన్ని పడుకుంటే కిటికీ రెక్క తోసి, "రేయ్ బామ్మర్దీ, లేస్తావా, నీళ్ళు పొయ్యమంటావా?" అనేవాడు. ఒకసారి నిజంగానే చెంబెడు పోశాడు. పరుపు తడిసిందని నా భార్య చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మేం నలుగురం. బావ, నేను, మందుల షాపు నడిపే ఒక పెద్దాయన, ఆర్టీసీలో పనిచేసే ఒక కండక్టరు. మందుల షాపాయన ఊరందరికీ మామే, మాకూ మామే. కండక్టరుది గొర్రెలు మేపే కుటుంబం. ఊరికి పడమట నల్లమల అంచున ఉన్న బాటలన్నీ చిన్నప్పుడు వాళ్ళ నాయన వెంట మంద తోలుకుంటూ నడిచినవే. ఇక నేను కొమరోలు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతాను. వారమంతా అక్కడికి బస్సులో వేలాడేవాడికి ఆదివారం కూడా ఈ శిక్ష ఎందుకని అడిగితే బావ దగ్గర ఒకటే జవాబు ఉండేది, నా పొట్ట వైపు చూడడం.

సైకిళ్ళు లావు టైర్ల గేరు సైకిళ్ళు. బావ ఫోనులో వెతికి బెంగుళూరు నుంచి ఎవరో వాడినవి తెప్పించి, షాపులో విప్పి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించాడు. నాదానికి బోలెడు గేర్లున్నాయని చెప్పారు. నాకు తెలిసినవి రెండే, తొక్కడం, దిగి తోయడం. నెత్తికి మంకీ క్యాపులు, చేతులకు స్కూటరు గ్లౌజులు, మామకైతే మెడ చుట్టూ వాళ్ళావిడ అల్లిన మఫ్లరు. కంది కోసిన చేల మధ్య నుంచి మేం వరసగా పోతుంటే కుక్కలు సైతం ముందు మొరిగి, తర్వాత ఆలోచనలో పడేవి.

అడవి లోపలికి పోయేవాళ్ళం కాదు. అది పులులు తిరిగే చోటు, ఫారెస్టు వాళ్ళు రానివ్వరు. అంచున పశువులు నడిచే బాట వరకే మాకు సెలవు. ఆ బాట రేగు పొదల మధ్య నుంచి పోయి, నీళ్ళు ఎండిన వంక దాటి, అక్కడి నుంచి రాళ్ళ మీద మెలికలు తిరుగుతూ ఒక చిన్న కనుమకు ఎక్కుతుంది. పైన మంచం పరిచినట్టు నల్లటి బండ ఉంటుంది. దాని మీద కూర్చుంటే తూర్పున గిద్దలూరు ఊరంతా మంచులో కనిపిస్తుంది. రైలు కూత అక్కడికి వినిపిస్తుంది, రైలు కనబడదు. మా ప్రయాణం ఆ బండ దాకానే. ఎండ ఎక్కేలోపు దిగి వచ్చి హోటల్లో ఉగ్గాని, బజ్జీ తినేవాళ్ళం. నేను వెళ్ళేది దానికోసమేనని అందరితో చెప్పేవాణ్ణి, అది పూర్తిగా నిజం కాదు.

మొదటి చలికాలంలోనే ఒక సంగతి జరిగింది. బావ ఎప్పుడూ అందరికన్నా ముందు బండ ఎక్కేవాడు. నేను ఎప్పుడూ చివర. ఆ రోజు వంకలో నా నీళ్ళ సీసా ఎక్కడో జారిపోయింది. నాలుక పిడచకట్టుకుపోయి పైకి చేరేసరికి ముగ్గురి సీసాలూ ఖాళీ. ముగ్గురూ తాగేసి హాయిగా కూర్చున్నారు. మూడు సీసాలూ ఊపి చూసి బండ మీద వాలిపోయాను. బావ ముఖం మాత్రం ఎర్రబడిపోయింది. అంత సిగ్గుపడడం ఆయన్ని నేను అప్పుడే చూశాను.

అప్పుడు కండక్టరు చెప్పాడు. "మా నాయన మందను తొట్టి కాడికి తోలినప్పుడు ముందు కుంటిగొర్రెకు తాపుతాడన్నా. గట్టివన్నీ ముందు పోతే నీళ్ళు బురద చేస్తాయి, అది పాపం యెనక నిలబడి చూస్తా ఉంటాది. అది తాగినాకనే మిగతావి."

"అయితే ఇంక మనకు కూడా అంతే," అన్నాడు బావ. "చివర వచ్చినోడు తాగిందాకా ఎవుడూ మూత తియ్యకూడదు."

ఆ మాటే మాకు కట్టుబాటు అయింది. ముందు చేరినవాళ్ళు దాహంతో ఎంత అల్లాడినా సీసా ముట్టరు. చివరివాడు వచ్చి, సైకిల్ పడేసి, ఊపిరి పీల్చుకున్నాక అతనికి మొదటి గుక్క. దానితోపాటు నాకొక బిరుదు కూడా దక్కింది. నేను ఆఖరి మలుపు తిరిగేసరికి పైనుంచి, "కుంటిగొర్రె వచ్చెనోయ్!" అని మామ కేక వేసేవాడు. బావ నాలుగడుగులు కిందికి దిగి వచ్చి తన సీసా నా చేతిలో పెట్టేవాడు. ఆ చన్నీళ్ళు గొంతు దిగుతుంటే ఆయన నా ముఖం చూస్తూ నిలబడేవాడు. నేను చాలంటే తప్ప తను తాగేవాడు కాదు. నలభై దాటినవాణ్ణి నన్ను అట్లా చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూస్తుంటే విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆ విసుగు కోసం ఏమైనా ఇస్తాను.

మూడు నాలుగు చలికాలాలు అట్లా గడిచాక ఒక దీపావళి వెళ్ళిన తర్వాత బావ కాళ్ళు వాచాయి. షాపులో నిలబడి నిలబడి అనుకున్నాం. చెప్పులు పట్టకపోతే కొత్తవి కొనుక్కున్నాడు. పొద్దున లేచేసరికి ముఖం కూడా ఉబ్బుతోందని అక్క గుర్తుపట్టి మార్కాపురం ఆసుపత్రికి లాక్కుపోయింది. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నారు. బీపీ ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికీ తెలియదు. నీళ్ళ వల్లనా, నొప్పి మాత్రల వల్లనా అని అడిగితే ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెప్పాడు. మా పడమటి మండలాల్లో ఇట్లాంటి ఇల్లు లేని ఊరు లేదు. డయాలసిస్ గదిలో బావ పక్క మంచాల మీద వెలిగండ్ల నుంచి ఒకాయన, పామూరు దగ్గరి పల్లె నుంచి ఒకామె, అందరూ వ్యవసాయం చేసుకునేవాళ్ళే.

రోజు మార్చి రోజు మార్కాపురం. పొద్దున బస్సు, సాయంత్రం తోటకూర కాడలా వాలిపోయి ఇల్లు. అయినా ఆయన నోరు మూతపడలేదు. రక్తం బయటికి తీసి, శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించడానికి ఎడమచేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల రుయ్యిమని అదురు తెలిసేది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళ వేలు పట్టుకుని అక్కడ పెట్టి, "చూడు, సబ్ మెర్సిబుల్ మోటారు. ఇరవై నాలుగ్గంటలూ కరెంటు," అనేవాడు. వాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక బిక్కముఖం వేసేవాళ్ళు. అక్క లేచి వంటింట్లోకి పోయేది.

నీళ్ళు మాత్రం ఆయన్ని ఓడించాయి. ఉన్న నీళ్ళు బయటికి పోవు కాబట్టి తాగడానికి లేదు. అక్క ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టుకుంది, పసిపిల్లలకు పాలు పట్టే సైజుది. టీ అయినా మజ్జిగ అయినా మాత్ర మింగే నీళ్ళయినా ఆ గ్లాసు లెక్కే. మండలమంతా తిరిగి ఎండిన బోర్ల నుంచి ఎన్ని ఊళ్ళకు నీళ్ళు పైకి తెప్పించాడో ఆ మనిషి. చేల గట్ల మీద మోటారు ఆన్ చేసి, పైపు నుంచి పడే మొదటి ధార కింద దోసిలి పెట్టి తాగి, "తియ్యగా ఉండాయి, వేసుకోపో పంట," అని రైతు భుజం తట్టేవాడు. అట్లాంటివాడు గుక్కెడు నీళ్ళ కోసం భార్యను బతిమాలుకోవడం నేను నా కళ్ళతో చూశాను. దేవుడనేవాడు ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకుని అడిగేవాణ్ణి. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మరుసటి చలికాలం వచ్చింది. మేం ముగ్గురం సైకిళ్ళు తీయలేదు. తీయబుద్ధి కాలేదు. వరండాలో గోడకు ఆనించిన తన సైకిల్‌ను బావ రోజూ తుడిచేవాడు. సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు నన్ను పట్టుకున్నాడు.

"ఒక్కసారి తీసుకపోండిరా. కనుమ దాకా. ఇంకేం అడగను."

"నడిస్తేనే ఆయాసం వస్తాది నీకు. సైకిల్ ఎక్కుతావా?"

"తోసుకుంటా పోతా. నువ్వు ఇన్నేండ్లూ తోయలేదా?"

డాక్టరు ఏమంటాడో నాకు తెలుసు. అడగాల్సింది అక్కనే. ఆమె వరండాలోకి తొంగి చూసి వచ్చింది. చివరకు, "తీసుకపోరా. పొద్దుగూకులూ ఆ సైకిల్ పక్కన కూచోని ఉంటాడు, నేను చూడలేకుండా ఉండా," అంది.

మేం ముగ్గురం ముందు రోజే మామ షాపులో కలుసుకున్నాం. నెమ్మదిగా పోవాలి, ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ ఆపాలి, అన్నీ అనుకున్నాం. అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. ఈసారి చివర వచ్చేది బావే. మొదటి గుక్క ఆయనది. ఆయన తాగకూడదు. ఆయన తాగకుండా మేం తాగకూడదు. తాగినా ఆయన ముందు ఎట్లా తాగుతాం? మామ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మనం కూడా తాగొద్దులే. రెండు మూడు గంటలకు చస్తామా?" అన్నాడు. అయితే సీసాలు లేకుండా పోతే ఆయనకు తెలిసిపోతుంది. అందుకని ఖాళీ సీసాలు పెట్టుకుని పోదామని నిర్ణయించాం. స్టీలు సీసాలు కాబట్టి లోపల ఏముందో కనబడదు. మంచి ఉపాయం కనిపెట్టామని ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా. ముగ్గురు పెద్దమనుషుల బుర్రలు కలిస్తే ఇంత తెలివే పుట్టింది.

ఆదివారం పొద్దున ఆయన గేటు ముందు బెల్లు కొట్టింది నేను. జీవితంలో మొదటిసారి.

కంది చేల దాకా బాగానే తొక్కాడు. మంచు చెవుల మీద పడుతుంటే, "అబ్బ, ఏం చలిరా," అని ఆనందంగా తిట్టాడు. వంక దాటాక దిగిపోయాడు. కండక్టరు ఆయన పక్కనే నడుస్తానంటే కసిరాడు. "పోండి ముందు. యెనక ఎవురూ ఉండొద్దు. చివర వచ్చేవాడికి ఏం కనబడతాదో నేనూ చూడాల." మేం రాళ్ళ మీద ముందుకు సాగాం. ప్రతి మలుపులో ఆగి, కిందికి చూసి, ఆయన మంకీ క్యాపు పొదల మధ్య కదులుతోందని తెలిశాక మళ్ళీ కదిలాం. చివర కాకుండా బండ ఎక్కడం నాకు అదే మొదలు. పైనుంచి చూస్తే ఆ బాట ఇంత నిటారుగా ఉంటుందా అనిపించింది.

చాలాసేపటికి ఆఖరి మలుపులో కనిపించాడు. సైకిల్ మీద సగం వాలి, నాలుగడుగులకు ఒకసారి నిలబడుతూ వస్తున్నాడు. మామ కేక వేయలేదు. ఆయనే తలెత్తి, ఆయాసపడుతూ, "ఏంది, అరవరే? కుంటిగొర్రె వచ్చిందిరా," అన్నాడు. నేను పరుగున దిగి సైకిల్ అందుకున్నాను.

బండ మీద కూర్చుని ఊపిరి కుదుటపడ్డాక మా ముగ్గురి వైపూ చూశాడు. "సీసాలు ఇట్ల తేండి."

"మేం తాగినాంలే బావా, నువ్వు వచ్చే లోపల," అన్నాను.

"తాగినారా? కట్టుబాటు తప్పి?" నా సీసా లాక్కుని ఊపాడు. "వంక కాడి నుంచి వింటాండా. రాళ్ళ మీద ఖాళీ సీసా గలగలమంటాది, నిండుది కిక్కురుమనదు. ముగ్గురివీ వాయిస్తా ఎక్కినారు కదరా, బ్యాండు మేళం మాదిరి. మోటారు సద్దు విని రోగం చెప్పేవాడికి ఇది తెలీదా?" గొంతు పెరిగింది. "నీళ్ళు లేకుండా అడివిలోకి వస్తారా? కండ్లు తిరిగి పడితే ఎవుడు మోస్తాడు, నేను మొయ్యాల్నా?"

మేం బడిపిల్లల్లా తలలు వంచుకుని నిలబడ్డాం. అప్పుడు ఆయన తన సైకిల్‌కు ఉన్న సీసా తీశాడు. నిండుగా ఉంది. అడుగు తీసి అడుగు వేయలేని మనిషి, తాగే వీలు లేని మనిషి, లీటరు నీళ్ళ బరువు కనుమ దాకా తోసుకుని వచ్చాడు. మామ ముఖం మఫ్లరులో దాచుకున్నాడు.

బావ మూత తిప్పి, ఆ మూతలోకి కొంచెం నీళ్ళు వంచుకున్నాడు. మూతెడు. దాన్ని నోట్లో పోసుకుని, మింగకుండా చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత మింగి సీసా నాకు అందించాడు. "కుంటిగొర్రె తాగింది. ఇంక మీరు తాగండి."

నేను గబగబా ఒక గుక్క వేసి ఇచ్చేయబోయాను.

"అట్ల కాదురా. నిదానంగా తాగు. నేను చూస్తాండా."

తాగాను. ఆయన చూపు నా గొంతు మీదే ఉంది. నీళ్ళు దిగుతుంటే ఆయన గొంతు కూడా కదిలింది. అంత చేదు నీళ్ళు నేను ఎప్పుడూ తాగలేదు. "చల్లగా ఉండాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "తియ్యగా?" తియ్యగా ఉన్నాయన్నాను. చాలన్నట్టు తలూపాడు. ఆ తర్వాత మామ తాగాడు, కండక్టరు తాగాడు, ఇద్దరినీ అట్లాగే చూశాడు. ఎండ వచ్చేదాకా అక్కడే ఉండి, దిగేటప్పుడు ఆయన సైకిల్ కండక్టరు పట్టుకుంటే, ఆయన నా భుజం పట్టుకుని దిగాడు.

ఆ ఎండాకాలంలో బావ పోయాడు. డయాలసిస్ మంచం మీదే, మధ్యాహ్నం పూట. అక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నాకు ఫోను వచ్చేసరికి నేను టెన్త్ పేపర్లు దిద్దుతున్నాను. చేతిలో ఎర్రపెన్ను పట్టుకునే మార్కాపురం దాకా పోయానని తర్వాత ఎవరో చెప్పారు.

మొన్నటి చలికాలం అక్కే కబురు పెట్టింది. సైకిల్ టైర్లు నేలకు అతుక్కుపోతున్నాయి, వచ్చి తొక్కమని. నాకు ఇష్టం లేదు. ఆమె ఊరుకోలేదు. ఆదివారం పొద్దున పోయేసరికి బావ సైకిల్ వాకిట్లో సిద్ధంగా ఉంది, సీసా నింపి పెట్టి ఉంది. మామ, కండక్టరు వీధి చివర నిలబడి ఉన్నారు.

నేను చివరే చేరాను. ఆ సైకిల్ నాదానికన్నా మంచిదైనా తొక్కేది నేనే కదా. బండ దగ్గర మామ తన సీసా పట్టుకుని నాలుగడుగులు కిందికి దిగి వచ్చాడు. పాపం, బావ చేసినట్టే చేద్దామనుకున్నాడు. నా చేతిలో పెట్టాడు. మూత తీశాను. తీసి, వెనక్కి తిరిగి, నేను వచ్చిన బాట వైపు చూశాను. ఆఖరి మలుపు దాకా చూశాను. "ఇంకా ఒకరు రావాల గదా," అనే మాట నా నోట్లో నుంచి నాకు తెలియకుండానే వచ్చింది. కండక్టరు రాయి మీద కూలబడి ఏడ్చాడు. మామ నా చేతిలో సీసా తీసుకుని మూత బిగించాడు. ముగ్గురం గొంతులు ఎండిపోయి అట్లాగే దిగి వచ్చాం. ఈసారి సీసాలు చప్పుడు చేయలేదు, అన్నీ నిండుగానే ఉన్నాయి.

సైకిల్ వాకిట్లో పెడుతుంటే అక్క సీసా తీసి చూసింది. "ఏందిరా, ముట్టనే లేదే?"

"తాగబుద్ధి కాలేదక్కా."

ఆమె మెట్టు మీద కూర్చుంది. "కనుమకు పోయిన పొద్దు మీ బావ నాతో కొట్లాడి నింపించుకున్నాడు. 'నువ్వు తాగేదానికి లేదు కదా, ఎందుకు?' అంటే, 'నాకు కాదే, ఆ గాడిదలు నా మొగం చూసి నీళ్ళు మానుకుంటారు, నేను ఎత్తకపోకుంటే ఎండిపోయి చస్తారు' అన్నాడు. ముందే తెలుసురా మీరు ఏం చేస్తారో."

నేను ఆమె పక్కనే కూలబడ్డాను. అక్క లోపలికి పోయి గ్లాసు తెచ్చింది. అదే చిన్న స్టీలు గ్లాసు. సీసాలో నుంచి కొంచెం వంచుకుని రెండు చుక్కలు తాగి కింద పెట్టింది. ఆ గ్లాసు ఇంకా ఎందుకు వాడుతున్నావని అడిగాను.

"దీంతోనే అలవాటైపోయిందిరా. ఆయన ముందర చెంబెత్తుకోని ఎట్ల తాగేది? ఆయనతో పాటే నేనూ. ఇప్పుడు పెద్ద గ్లాసు పట్టుకుంటే మింగుడు పడదు."

మేం ఒక్క పొద్దు చేసిన పనిని ఆమె ఆయన జబ్బుతో ఉన్నన్నాళ్ళూ చేసింది. ఎండాకాలంలో కూడా. ఎవరికీ చెప్పకుండా. మా సీసాల చప్పుడులా అది ఆయనకు వినబడలేదు. మాలో ఎవరం చూడలేదు. బండ మీద నిలబడి బాట వైపు ఎవరి కోసమో చూశాను కానీ, ఇంకా రావలసిన మనిషి ఈ వాకిట్లో కూర్చుని ఉంది.

నేను గ్లాసు పక్కకు జరిపి నిండు సీసా ఆమె చేతుల్లో పెట్టాను. "ముందు నువ్వు తాగక్కా. తర్వాతే నేను."

"అంతా ఎట్ల తాగేదిరా?"

"నిదానంగా తాగు. నేను చూస్తాండా."

అక్క నా ముఖం చూసింది. సీసా ఎత్తింది. కళ్ళ నీళ్ళు చెంపల మీద పారుతూనే ఉన్నాయి, ఆమె ఒక్కో గుక్కే మింగుతూ తాగింది. సీసా దించేసరికి సగం అయింది. మిగతా సగం నేను తాగాను.